పదిహేను సెకన్ల నమ్మకత్వం



ఈ వారం మేము రాస్తున్నది చాలా కొద్దిమందిని గురించి. మీ సంఘంలో ఇలాంటివారు ఒక్కరు కూడా లేకపోవచ్చు. ఉంటే మాత్రం వారి పేరు ప్రార్థన చీటీలో వారం వారం కనబడుతూనే ఉంటుంది. వీరు నోటితో తిన్నది ఒంటికి పట్టదు. అన్నం పెట్టినా, పాలు ఇచ్చినా, పండ్లరసం తాగించినా పేగు దాన్ని పీల్చుకోలేదు. అందుచేత వీరి భోజనం ఒక సంచిలో వస్తుంది. ఛాతీ మీదో చేతి మీదో అమర్చిన సన్నని గొట్టం గుండా అది నేరుగా రక్తంలోకి వెళ్తుంది. పది పన్నెండు గంటలపాటు, చాలామందికి రాత్రి నిద్రలోనే, ఇంట్లోనే ఇదంతా జరుగుతుంది. సంచిని తగిలించేది నర్సు కాదు. ఇంటి ఇల్లాలో, కొడుకో, కోడలో, లేదా రోగి తానే.

మన దేశంలో ఈ చికిత్సను ఇంటి దగ్గర తీసుకునేవారు తక్కువ. ఖర్చు ఎక్కువ, నేర్పించేవారు తక్కువ. అమెరికా, ఇంగ్లండు వంటి దేశాల్లో ఇది ఎప్పటి నుంచో స్థిరపడిన చికిత్స. అయినా ఈ సంగతి అందరం తెలుసుకోవడం మంచిదని మా అభిప్రాయం. మెడ దగ్గర గొట్టంతో డయాలసిస్‌కు వెళ్లి వచ్చేవారు, కీమోథెరపీ కోసం చేతికి పిక్ లైన్ పెట్టించుకున్నవారు మన సంఘాల్లో ఉన్నారు. వారికీ వీరికీ పొంచి ఉన్న అపాయం ఒకటే. ఆ గొట్టం గుండా క్రిములు రక్తంలోకి చేరడమే ఆ అపాయం. దాన్ని చాలావరకు ఆపవచ్చు. ఆపేది ఖరీదైన యంత్రం కాదు, గొట్టాన్ని ముట్టుకునే చేయి.

ఎవరికి ఈ అవసరం వస్తుంది?

చిన్న పేగుకు రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడితే పేగు చచ్చుబడుతుంది. పేగు మెలిపడినా అలాగే జరగవచ్చు. ప్రాణం దక్కించడానికి సర్జన్లు ఆ భాగాన్ని కోసి తీసివేస్తారు. మిగిలిన ముక్క బాగా పొట్టిదైతే తిన్నది ఒంటపట్టదు. క్రోన్స్ వ్యాధి ఉన్నవారు కొందరు, క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న తర్వాత పేగు దెబ్బతిన్నవారు కొందరు, పుట్టుకతోనే పేగు లోపం ఉన్న పసిబిడ్డలు కొందరు ఈ స్థితికి వస్తారు. కొందరికి ఈ చికిత్స కొన్ని నెలలు చాలు. కొందరికి జీవితాంతం కావాలి. ముక్కు గుండా గానీ పొట్ట మీద పెట్టిన గొట్టం గుండా గానీ ఆహారం పోయడం వేరు. అక్కడ ఆహారం కడుపులోకో పేగులోకో వెళ్తుంది. ఇక్కడ రక్తంలోకి వెళ్తుంది.

ఒకప్పుడు ఇలాంటివారు అందరూ చూస్తుండగానే చిక్కి శల్యమై చనిపోయేవారు. 1960లలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో డాక్టర్ స్టాన్లీ డడ్రిక్, ఆయన తోటి వైద్యులు ఈ దారి తెరిచారు. ఆహారమంతా నరం గుండానే ఇచ్చినా ఎదుగుదల ఆగదని మొదట కుక్కపిల్లల్లో, తర్వాత ఒక పసిపాపలో చూపించారు. ఆ చికిత్సను ఆసుపత్రి నుంచి ఇంటికి చేర్చిన తొలి వైద్యుల్లో డాక్టర్ ఖుర్షీద్ జీజీభాయ్ ఒకరు. ఆయన మన వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చదువుకున్నవారు. 1970లో కెనడాలోని టొరంటోలో పేగు పోగొట్టుకున్న ఒక తల్లికి ఆయన ఇలా ఆహారం ఇచ్చి ఇంటికి పంపారు. ఆమె తన కుటుంబం మధ్య సుమారు 20 సంవత్సరాలు బతికింది.

అపాయం ఎక్కడ ఉంది?

మనం రోజూ తినే తిండిలో సూక్ష్మజీవులు ఉంటాయి. అయినా మనకు ఏమీ కాదు. కడుపులోని ఆమ్లం కొన్నిటిని చంపుతుంది, పేగు గోడ కొన్నిటిని ఆపుతుంది, దాటి వచ్చినవాటిని కాలేయం పట్టుకుంటుంది. సృష్టికర్త మనకు ఇన్ని కావలి గోడలు పెట్టాడు. గొట్టం గుండా వెళ్లే ఆహారం ఈ గోడలన్నిటినీ తప్పించుకుని వెళ్తుంది. ఇందులో చక్కెర చాలా చిక్కగా ఉంటుంది కాబట్టి చేతి మీది చిన్న నరాలు దాన్ని తట్టుకోలేవు. అందుకే గొట్టం కొసను గుండె పక్కనే ఉన్న పెద్ద నరంలో ఉంచుతారు. బయట ఉన్న మూతి మీద ఒక క్రిమి పడి, దాన్ని తుడవకుండా మనం సంచి తగిలిస్తే, ఆ క్రిమి గుండెను చేరడానికి క్షణాలు చాలు. అక్కడి నుంచి రక్తం దాన్ని ఒళ్లంతా తిప్పుతుంది.

రెండవ సంగతి. గొట్టంలోకి చేరిన క్రిములు లోపలి గోడకు అతుక్కుని ఒక జిగురు పొర అల్లుకుంటాయి. చెరువు గట్టు రాయి మీద పాచి పట్టినట్లే ఇది. ఆ పొర లోపల ఉన్నవాటికి యాంటీబయాటిక్ సరిగా అందదు. అందుచేత ఒక్కోసారి గొట్టమే తీసివేయవలసి వస్తుంది. ఇలాంటి గొట్టం పెట్టగల పెద్ద నరాలు మనిషి శరీరంలో కొన్నే ఉన్నాయి. గొట్టం మార్చిన ప్రతిసారీ ఒక నరం మూసుకుపోయే ప్రమాదం ఉంది. నరాలన్నీ మూసుకుపోతే ఆహారం ఇచ్చే దారే ఉండదు. జీవితాంతం ఈ చికిత్స మీద ఉండవలసిన మనిషికి ఒక ఇన్ఫెక్షన్ అంటే పది రోజుల ఆసుపత్రి మాత్రమే కాదని గ్రహించండి.

ఈ క్రిములు ఎక్కడి నుంచి వస్తాయి? ఎక్కడో దూరం నుంచి కాదు. చాలావరకు మన చర్మం మీద, మన చేతుల మీద మామూలుగా ఉండేవే. చర్మం మీద ఏ హానీ చేయని స్టెఫిలోకాకస్ జాతి క్రిమి రక్తంలో పడితే మనిషిని పడగొడుతుంది. అవి లోపలికి వెళ్లే దారులు ముఖ్యంగా రెండు. గొట్టం చర్మంలోకి దిగే చోటు ఒకటి. సంచి తగిలించే మూతి రెండవది. హిక్‌మన్ వంటి గొట్టాలకు చర్మం కింద ఒక చిన్న బట్ట పట్టీ ఉంటుంది. కండ దానిలోకి అల్లుకుని మొదటి దారిని చాలావరకు మూసేస్తుంది. ఎక్కువ కాలం ఉంచే గొట్టాల్లో అందుకే రెండవ దారి, అంటే రోజూ విప్పి తగిలించే ఆ మూతి, ఎక్కువ ప్రమాదకరం.

ఆపవచ్చా?

ఆపవచ్చు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి చెందిన డాక్టర్ పీటర్ ప్రోనోవోస్ట్ ఐదు పనుల పట్టిక ఒకటి తయారు చేశారు. చేతులు కడుక్కోవడం, గొట్టం పెట్టేటప్పుడు రోగిని పూర్తిగా శుభ్రమైన గుడ్డతో కప్పడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవడం, తొడ దగ్గరి నరాన్ని వీలైనంతవరకు మానడం, అవసరం తీరిన గొట్టాన్ని వెంటనే తీసివేయడం. ఇందులో కొత్త మందు లేదు, వైద్యులకు తెలియని సంగతీ లేదు. మిషిగన్ రాష్ట్రంలోని 103 ఐసీయూల్లో ఈ ఐదింటినీ తప్పకుండా చేయించారు. 18 నెలల్లో రక్తపు ఇన్ఫెక్షన్లు మూడింట రెండు వంతుల వరకు తగ్గాయని 2006లో ప్రకటించారు. అది ఐసీయూ సంగతి. ఇంట్లో చేసే పనులు కొంత వేరు. అయినా పాఠం అదే. తెలిసిన చిన్న పనిని ప్రతిసారీ, ఒక్కసారి కూడా తప్పకుండా చేయడమే ఇక్కడి మందు. బాగా శిక్షణ ఇచ్చే కేంద్రాల్లో ఇంటి రోగులకు 1000 రోజుల్లో ఒక ఇన్ఫెక్షన్ కంటే తక్కువే వస్తోంది.

ఇంట్లో చేయవలసినవి

మీ ఆసుపత్రి నేర్పిన పద్ధతే మీకు చివరి మాట. దాని వెనుక ఉన్న కారణాలు తెలిస్తే పాటించడం తేలిక కాబట్టి ముఖ్యమైనవి చెబుతున్నాం.

మొదటిది, చేతులు. ఉంగరాలు, గాజులు, వాచీ తీసి, సబ్బుతో వేళ్ల సందులు, గోళ్ల కింద, బొటనవేలు చుట్టూ రుద్ది 40 నుంచి 60 సెకన్లు కడగాలి. ప్రభువు నేర్పిన ప్రార్థనను మనసులో నిదానంగా ఒకసారి చెప్పుకుంటే దాదాపు అంత సమయం పడుతుంది. ఇంట్లో అందరూ వాడే తువ్వాలుతో తుడుచుకుంటే కడిగిన ఫలం పోతుంది. ఒకసారి వాడి పారేసే కాగితం గానీ, ఆ పనికే ఉతికి విడిగా ఉంచిన గుడ్డ గానీ వాడాలి.

రెండవది, చోటు. తుడిచిన బల్ల ఒకటి ఉండాలి. సీలింగ్ ఫ్యాన్ ఆపాలి, కిటికీ మూయాలి. ఫ్యాను గాలికి దుమ్ము లేచి తెరిచిన మూతి మీద పడుతుంది. ఆ కొద్ది నిమిషాలు ఫోను ముట్టకూడదు, ఎవరైనా పిలిచినా పలకకూడదు. మధ్యలో ఫోను ముట్టుకుంటే మళ్లీ మొదటి నుంచి చేతులు కడగాలి.

మూడవది, ఈ వ్యాసానికి పేరు ఇచ్చిన పని. సంచి తగిలించే ముందూ, సిరంజి పెట్టే ముందూ, ప్రతిసారీ ఆ మూతిని స్పిరిట్ తుడుపుతో గట్టిగా రుద్దాలి. పైపైన అద్దడం కాదు, నిమ్మకాయ పిండినట్లు తిప్పుతూ రుద్దాలి. ఒకటి నుంచి 15 వరకు లెక్కపెట్టండి. తర్వాత దాన్ని తనంతట తాను ఆరనివ్వండి. ఊదకండి, విసరకండి. స్పిరిట్ ఆరేటప్పుడే క్రిములు చస్తాయి. తుడిచిన మూతి దేనికైనా తగిలితే, అది మీ చొక్కా అంచైనా సరే, మళ్లీ తుడవాలి.

నాలుగవది, కట్టు. గొట్టం దిగే చోట అంటించిన పారదర్శకమైన కట్టును సాధారణంగా 7 రోజులకు ఒకసారి, గాజు గుడ్డ కట్టును 2 రోజులకు ఒకసారి మారుస్తారు. తడిసినా, అంచు లేచినా, కింద రక్తం గానీ చీము గానీ కనబడినా రోజుల లెక్క చూడకుండా వెంటనే మార్చాలి. మన ఎండాకాలపు చెమటకు కట్టు త్వరగా లేస్తుంది. దాని మీద ఇంకో ప్లాస్టరు అంటించి సరిపెట్టకూడదు.

ఐదవది, సంచి. అది ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. తగిలించడానికి గంటో రెండు గంటలో ముందు బయట పెడితే చల్లదనం పోతుంది. వేడినీళ్లలో పెట్టకూడదు. పేరు, తేదీ చూడాలి. కారుతున్నా, నూనె తేలినట్లు విడిపోయినా వాడకూడదు. రాత్రి అయిన తర్వాత మిగిలింది పారబోయవలసిందే. అన్నం పారేయడానికి మన తల్లులకు చేయి రాదు. అయినా ఈ ఆహారాన్ని రేపటికి దాచకూడదు. చక్కెర, కొవ్వు, మాంసకృత్తులు ఉన్న ఈ ద్రవంలో క్రిములు కూడా బాగా పెరుగుతాయి. గొట్టాల సెట్టు కూడా ప్రతి రాత్రీ కొత్తదే కావాలి.

ఆరవది, ఆహారం ఎక్కించని సమయంలో గొట్టంలో నింపి ఉంచే మందు. చాలామందికి సెలైన్‌తో కడిగి వదిలేస్తారు. టారోలిడిన్ అనే క్రిమినాశక ద్రవాన్ని గొట్టంలో నింపి ఉంచితే ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని తేలింది. ఐరోపా పోషణ వైద్యుల సంఘం ఎస్పెన్ తన మార్గదర్శకాల్లో దాన్ని సిఫారసు చేసింది. ఇది యాంటీబయాటిక్ కాదు. మీ వారికి ఇది పనికి వస్తుందా అని డాక్టరుగారిని అడగండి. సొంతంగా తెచ్చి వాడకండి.

చివరిగా, ఈ గొట్టం ఆహారం కోసమే. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరుగారు ఎంత మంచివారైనా దాని గుండా సెలైను ఎక్కించనివ్వకండి, రక్తం తీయనివ్వకండి. ముట్టుకునే చేతులు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది.

చలి, వణుకు వస్తే

ఇది జాగ్రత్తగా చదవండి. సంచి తగిలించిన అరగంటకో గంటకో రోగికి చలి పుట్టి, పళ్లు కొట్టుకుని, జ్వరం వస్తే అది వర్షంలో తడిసిన జ్వరం కాదు. గొట్టంలోని క్రిములు ఆహారంతోపాటు రక్తంలోకి కొట్టుకుపోయాయని అనుకోవాలి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే, లేదా జ్వరం లేకపోయినా మనిషి మగతగా, తికమకగా మారితే, వెంటనే ఆహారం ఆపి, క్లాంపు వేసి, చికిత్స చేస్తున్న ఆసుపత్రికి ఫోను చేసి బయలుదేరాలి. పసిబిడ్డ పాలుమాలి వాడిపోయినట్లున్నా అంతే. సంచిని కూడా వెంట తీసుకెళ్లండి.

పారాసెటమాల్ వేసి తెల్లవారే వరకు చూద్దామనుకోకండి. జ్వరం తగ్గినట్లు కనబడుతుంది గాని, రక్తంలో క్రిములు పెరుగుతూనే ఉంటాయి. ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ మాత్ర వేయకండి. ఆసుపత్రిలో ముందుగా గొట్టం నుంచి ఒకటి, చేతి నరం నుంచి ఒకటి రక్తం తీసి కల్చర్‌కు పంపుతారు. ఏ క్రిమి, ఎక్కడి నుంచి వచ్చింది, ఏ మందుకు లొంగుతుంది, గొట్టాన్ని కాపాడవచ్చా అనేవి దానిమీదే తెలుస్తాయి. ముందే మాత్ర పడితే ఆ సాక్ష్యం చెరిగిపోతుంది.

తోటి కాపరులారా, ఇక్కడ మన బాధ్యత పెద్దది. అర్ధరాత్రి అలాంటి ఇంటి నుంచి మొదటి ఫోను తరచుగా మనకే వస్తుంది. ప్రార్థిద్దాం. అయితే ఆ ప్రార్థన కారులో ఆసుపత్రి దారిలో జరగాలి. ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్లవచ్చులే అనే మాట మన నోట రాకూడదు. ఈ ఇన్ఫెక్షన్‌లో గంటలు కూడా లెక్కకు వస్తాయి.

సంఘం చేయగలిగినది

పరామర్శకు వెళ్లడం మన సంఘాల మంచి అలవాటు. అది ఆగనక్కరలేదు. జలుబు, దగ్గు, గజ్జి, పుండు ఉన్నవారు ఆ వారం ఫోనులో పలకరించండి. వెళ్లినవారు గుమ్మం దగ్గరే చేతులు కడుక్కోండి. సంచి తగిలించే వేళకు పదిమంది గదిలో ఉండకండి. చేతులుంచి ప్రార్థించేవారు తల మీద ఉంచండి, గొట్టం ఉన్న చోట కాదు. నూనె రాసే అలవాటు ఉన్న సంఘాల్లో నుదుటి మీద చాలు. కట్టు మీద నూనె పడితే అంటు ఊడిపోతుంది.

బాప్తిస్మం విషయం కూడా చెప్పాలి. బయటికి కనబడే గొట్టం ఉన్న మనిషి నీళ్లలో మునగకూడదు. చెరువు, కాలువ, గుడిలోని తొట్టి, ఏదైనా అంతే. ఆ నీళ్లలోని క్రిములకు గొట్టం ఒక తలుపు. ముంచడమే మన పద్ధతి అయితే ముందుగా వైద్యుని అడిగి, సంఘ పెద్దలు కూర్చుని ఆలోచించండి. అలాంటి సహోదరుణ్ణి భయానికీ విధేయతకూ మధ్య నిలబెట్టడం మన పని కాదు.

ఇంకొక మాట కఠినంగానే చెప్పాలి. రోగికి ఇన్ఫెక్షన్ వచ్చిందని తెలియగానే, ఇంట్లో ఏదో పాపం ఉందని, విశ్వాసం చాలలేదని అనేవారున్నారు. ఇన్ఫెక్షన్‌కు కారణం క్రిమి. ఎంతో జాగ్రత్తగా చేసే ఇంట్లో కూడా ఒక్కోసారి అది వస్తుంది. నెలల తరబడి నిద్ర మానుకుని సేవ చేసిన ఆ భార్య గుండెల మీద ఇంకో రాయి పెట్టకండి. ఆమెకు నింద భయం ఉంటే, రేపు పొరపాటున మూతి నేలకు తగిలినా పైకి చెప్పదు. చెప్పకపోవడమే ఎక్కువ ప్రమాదం.

నిజానికి ఈ ఇళ్లలో అతి పెద్ద శత్రువు అలసట. మొదటి నెలలో ఎవరూ 15 సెకన్లు తగ్గించరు. రెండవ సంవత్సరంలో, కరెంటు పోయి, పిల్లవాడికి జ్వరం వచ్చి, ఒళ్లు తూలిపోతున్న రాత్రి, అవి ఐదు సెకన్లు అవుతాయి. గొట్టం పనిని సంఘం చేయలేదు, చేయకూడదు. అది నేర్చుకున్నవారి పని. కాని ఆ ఇంట్లో మిగిలిన పనంతా సంఘం పంచుకోగలదు. వంట, బట్టలు, పిల్లల హోంవర్క్, బజారు సరుకులు. యువజనుల్లో ఇద్దరు, అర్ధరాత్రి పిలిచినా కారో ఆటోనో తెస్తామని తమ ఫోను నంబర్లు ఆ ఇంటి ఫ్రిజ్ మీద అంటించి రావచ్చు. స్త్రీల సమాజం స్పిరిట్ తుడుపులకూ చేతి తొడుగులకూ నెలకు ఇంత అని పక్కన పెట్టవచ్చు. కుటుంబంలో రెండవ మనిషి కూడా ఆసుపత్రిలో శిక్షణ పొందేలా రానుపోను ఖర్చు భరించవచ్చు. ఒక్కరే నేర్చుకున్న ఇంట్లో, ఆ ఒక్కరికి జబ్బు చేస్తే దిక్కెవరు?

మన మధ్య గొప్ప దానాలు చేసినవారి పేర్లు రాతి పలకల మీద ఉంటాయి. రాత్రి తొమ్మిది గంటలకు ఫ్యాను ఆపి, చేతులు కడిగి, పదిహేను వరకు లెక్కపెట్టే మనిషి పేరు ఎక్కడా ఉండదు. ఆ పని ఆమె రేపు రాత్రి కూడా చేయాలి. అందుకు కావలసిన ఓపిక ఆమెకు మిగిలేలా చూడడం మన పని. మీ సంఘంలో అలాంటి ఇల్లు ఉంటే, ఈ వారమే వెళ్లి, ఏ పని పంచుకోమంటారో అడగండి.